దారి తెలియదని ఒప్పుకునే పాట

ఈ రోజు పురుగుమందులు, మార్కెట్ రేట్లు పక్కనపెట్టి ఒక పాట గురించి రాస్తున్నా. పాటేంటి, అందులో ఆఫ్రికా పాటేంటి అని తోసెయ్యకండి. చివరిదాకా చదవండి, ఆ తర్వాత తిట్టాలనిపిస్తే కామెంట్లో తిట్టండి.

బ్యాండు పేరు ఒసిబిసా. 1969లో లండన్‌లో మొదలైంది. పెట్టిన టెడ్డీ ఓసీ, ఆయన తమ్ముడు మాక్ టోంటో, డ్రమ్స్ వాయించే సాల్ అమార్ఫియో ఘనా దేశం వాళ్లు. మిగతావాళ్లు నైజీరియా నుంచి, కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్లు. ఘనాలో హైలైఫ్ అని జనం చిందులేసే సంగీతం ఉంది. ఆ దరువుకి రాక్ గిటారు, ఆర్గాన్ కలిపారు. అదే ఆఫ్రో-రాక్.

నేను చెప్పే పాట 'వోయాయా'. 1971 నాటిది, రాసింది అమార్ఫియో. ఘనాలో మాట్లాడే గా భాషలో ఆ మాటకు 'వెళ్తున్నాం' అని అర్థం. 'మేం వెళ్తున్నాం' అనుకోవాలో, 'మనం వెళ్తున్నాం' అనుకోవాలో వినేవాళ్ల ఇష్టం. నాకైతే 'మనం' అనే వినిపిస్తుంది.

ఆఫ్రో-రాక్ అనగానే దుమ్ములేపే డప్పు మోత అనుకుంటాం. ఈ బ్యాండుకి అలాంటి పాటలు బోలెడు. ఇది మాత్రం నెమ్మదిగా నడుస్తుంది, ప్రార్థన పాటలాగా. గుంపుగా పాడతారు. మాటలు కొన్నే, తిప్పి తిప్పి అవే వస్తాయి. విన్నాక ఉత్సాహమా, దిగులా అంటే చెప్పలేం. ఎలా చేరతామో తెలియదంటుంది, అయినా చేరతామంటుంది. దారిలో బురద ఉంటుందని దాచదు.

ఇక నా అభిప్రాయం. మనకి ఇప్పుడు దొరుకుతున్న ధైర్యం వేరే రకం. ఫోన్ తెరిస్తే చాలు, ఎకరానికి లక్షల లాభం అనే వీడియోలు. చెప్పేవాడికి దారంతా తెలిసినట్టే ఉంటుంది. మరి పంట పోతే? తప్పు మనదేనన్నమాట. అసలే ఒంటరిగా ఉన్నవాడు ఇంకా ఒంటరి అయిపోతాడు.

ఈ పాట అలా మోసం చెయ్యదు. వాన పడుతుందో లేదో, రేటు ఉంటుందో లేదో తెలియకుండానే విత్తనం వేసేవాళ్లం మనం. దారి తెలియదనే మాట మనకి కొత్త కాదు. కానీ ఆ మాటని పైకి అనడానికి సిగ్గుపడతాం. వీళ్లు పదిమంది గొంతు కలిపినట్టు, సిగ్గు లేకుండా పాడుకున్నారు. దాని బలమంతా అక్కడే ఉంది.

పాట అప్పు తీరుస్తుందా అంటారు. తీర్చదు. గిట్టుబాటు ధర ఇప్పించదు. దానికోసం అడగాల్సినచోట గట్టిగా అడగాల్సిందే. కానీ అప్పు సంగతి ఇంట్లోవాళ్లకి కూడా చెప్పుకోలేక లోపల్లోపల కుమిలిపోయేవాడికి, "నాకూ ఏం తోచట్లేదురా, కలిసి చూద్దాం" అనే మాట ఎంత అవసరమో మన ఊళ్లలో తెలియనిదెవరికి?

యూట్యూబులో దొరుకుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కరే వినొద్దు, నలుగురు కూర్చున్నచోట పెట్టండి. భాష అర్థం కాకపోయినా ఫర్లేదు. ఈమధ్య టీ కొట్టు దగ్గరకి రావడం మానేసినవాడు మీ ఊళ్లో ఎవరైనా ఉంటే, పాట తర్వాత వినొచ్చు. ముందు వాడి ఇంటికెళ్లి రండి.