దీవిని చూచు తీరు

లోకమున దీవులపై జనులకు మోజు మిక్కుటము. లక్షద్వీపములకును, అండమాను దీవులకును ఏటేట వేలకొలది యాత్రికులు పోవుచుందురు. 2018లో స్వరాజ్ ద్వీపమని పేరు మార్చబడిన హావెలాక్ దీవిలో సముద్రజలము స్ఫటికమువలె తేటగా నుండును. అచటికి పోయినవారు వీపున గాలి సిలిండరు కట్టుకొని నీట మునిగి, అడుగున నున్న పగడపు దిబ్బలను, వాని నడుమ తిరుగాడు రంగురంగుల చేపలను కన్నులార చూచి వత్తురు. ఆ ముచ్చటలు విన్న కోనసీమ బాలురు కొందఱు “మన యూర చూడదగిన దేమున్నది?” అని నిట్టూర్చుచుందురు. వారు తామును ఒక దీవిలోనే పుట్టితిమన్న సంగతి మఱచినవారు.

కోనసీమ దీవియే. ధవళేశ్వరము దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ యను రెండు పాయలుగా చీలును. ఆ పాయలకును బంగాళాఖాతమునకును నడుమ నున్న నేలయే కోనసీమ. వసిష్ఠనుండి వేఱుపడిన వైనతేయ దీనిని మరల రెండుగా చీల్చి, ఓడలరేవు చెంత కడలిని కలియును. కొత్తపేట, అమలాపురము, రాజోలు ఇందలి పేరుగల పట్టణములు. 2022లో అమలాపురము కేంద్రముగా ఈ సీమ ప్రత్యేక జిల్లా యైనది. పగడపు దీవులు చిఱుప్రాణుల కట్టడములు. మన దీవి యేఱు తెచ్చిన ఒండ్రుతో నేర్పడినది. ఒండ్రు కలిసిన యేటినీట పగడము బ్రదుకజాలదు. కావున మన కడలి యడుగున పగడపు తోటలు లేవు. మన తోటలు గట్టుమీదనే కలవు; అవి కొబ్బరితోటలు.

నేడు కోనసీమకును యాత్రికులు పెక్కుమంది వచ్చుచున్నారు. వారు వంతెనలమీదుగా కారులలో వత్తురు. అంతర్వేదిలో నరసింహస్వామిని, అప్పనపల్లిలో బాలబాలాజీని, అయినవిల్లిలో సిద్ధివినాయకుని సేవింతురు. ర్యాలిలో ముందువైపు కేశవుడుగను, వెనుకవైపు మోహినిగను ఒకే శిలయందు మలచిన విగ్రహమును చూచి యబ్బురపడుదురు. ఆత్రేయపురపు పూతరేకులు మూటగట్టుకొని, దిండిలో పడవయింట నొక రాత్రి గడిపి మరలిపోవుదురు. ఇవి యన్నియు చేయదగినవే. కాని యింతటితో దీవిని చూచితిమనుకొనుట పొరపాటు. దీవిని చూచుట యనగా దాని నీటిని చూచుట. ఆ నీటితో మనుష్యుడెట్లు మెలగుచున్నాడో చూచుట. ఇది నా యభిప్రాయము.

అందుకు మొదట గన్నవరము పోవలయును. 1852లో ధవళేశ్వరమున కాటన్ దొర ఆనకట్ట పూర్తియైన పిమ్మట కోనసీమకు కాలువలు పాఱినవి. కాని వైనతేయకు పడమట నున్న పొలములకు ఆ నీరు చేరుట యెట్లు? కాలువను ఏటిలో విడిచినచో అది కడలి పాలగునే కాని ఆవలి గట్టు చేరదు. కావున ఏటిపై 49 కమానులు కట్టి, వానిమీదుగా కాలువను దాటించిరి. క్రింద నది, మీద కాలువ! నేడు పాతదాని ప్రక్కన నున్న కొత్త అక్విడక్టునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆమె లంకలగన్నవరమున కాపురముండి, వేళగాని వేళ వచ్చిన బాటసారులకు సైతము అన్నము పెట్టిన తల్లి, 1909లో కన్నుమూసినది. ఏటిమీదుగా నీటిని దాటించు కట్టడమునకు, ఏరు దాటివచ్చినవారి యాకలి తీర్చిన యామె పేరు చక్కగా నమరినది.

కనుమనాడు జగ్గన్నతోట తీర్థమును చూడవలయును. చుట్టుపట్ల గ్రామములనుండి ఏకాదశ రుద్రులు ప్రభలపై ఆ కొబ్బరితోటకు విచ్చేయుదురు. అందు గంగలకుఱ్ఱువారి ప్రభలు కౌశికను దాటి రావలయును. వంతెన లేదని వారు వెనుదీయరు. పదులకొలది యువకులు ఆ యెత్తైన ప్రభను భుజములపై మోయుచు నీటిలోనికి దిగుదురు. నీరు మొలదాటి పైపైకి వచ్చినను, కాలు బురదలో జాఱినను, ప్రభను ఒరగనీయరు. భక్తి యొక్కటే యున్న చాలదు. నీటి నెఱిగినవారికే యది సాధ్యము.

పిదప సఖినేటిపల్లి రేవునకు పోయి పంటుమీద వసిష్ఠను దాటి చూడుడు. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు కడ నిలిచి, ఏటినీటి రంగును కడలినీటి రంగును పోల్చి చూడుడు. వానకాలమున ఎఱ్ఱనీరు వచ్చినప్పుడు కడలినుండి ఏటి కెదురీదుచు వచ్చు పులసచేప, ఆ సంగమము మీదుగనే లోనికి వచ్చును. చేప యెఱిగిన త్రోవను దీవిలో పుట్టిన మన మెఱుగకుండుట తగునా?

ఇక చేయవలసిన పని యొక్కటి కలదు. అది ఈత నేర్చుట. మన తాతలకాలమున పల్లెటూరి బాలుడు అరటిబోదెను పట్టుకొని కాలువలో దిగి, కొలది దినములలో బారయీత, వెల్లకితల యీత, మునుగీత నేర్చెడివాడు. నేడు దీవిలో పుట్టియు నీటికి వెఱచు బాలబాలిక లెందఱో కలరు. “నీరు ప్రమాదము; దరికి పోవలదు” అని తల్లిదండ్రులు వారింతురు. ఆ భయము నిష్కారణము కాదు. 2018 జూలైలో పశువుల్లంక చెంత, బడినుండి మరలుచున్న పిల్లలతో నున్న పడవ గౌతమిలో తలక్రిందుకాగా, కొందఱు విద్యార్థినులు గోదావరి పాలైరి. ఆ తల్లుల దుఃఖము నెవరు తీర్పగలరు?

కాని పడవ యెక్కక గడువని లంకగ్రామములు మనకు కలవు. అట్టిచోట నీటికి దూరముగా నుండుమనుట ఉపాయము కాజాలదు. నీటి నెఱుగుటయే ఉపాయము. ఎఱుగుట యనగా తెగించుట కాదు. పెద్దలు తోడులేక నీట దిగరాదు. వరదనాడు ఏటిలోను, సుడులు తిరుగు సంగమముకడను దిగనే రాదు. పడవ యెక్కువారు తేలుడు చొక్కా తొడుగుకొనకుండ కాలు మోపరాదు. ఈత వచ్చినవాడే నీటి బలము నెఱిగి వెనుకకు తగ్గును, రానివాడే మోసపోవును. లెక్కలు, చరిత్ర నేర్పునట్లే బాలురకును బాలికలకును ఈత నేర్పుట దీవిలోని ప్రతి పాఠశాలకు విధి కావలయునని నా కోరిక.

“ఈదుదమన్న మంచి కాలువ యేది?” అని మీరడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనది. హావెలాక్ దీవిలో కడలి యడుగును చూచుటకు మునుగవలెను. మన కాలువ యడుగు, వేసవిలో నీరు కట్టివేసినప్పుడు, మునుగకయే కానవచ్చును. అచట కనబడునవి పగడములు కావు. ప్లాస్టిక్కు సంచులు, పగిలిన సీసాలు, కుళ్లిన గుఱ్ఱపుడెక్క. ఆ కాలువనీరే చెఱువులకు చేరి మనకు త్రాగునీ రగుచున్నది. పరదేశి వచ్చి చూచునన్న సిగ్గుకంటె, మనమే త్రాగుచున్నామన్న స్పృహ మనకు ముఖ్యము.

ఈ నీరు మనలను పోషించినది, దండించినది కూడ. 1986 ఆగస్టులో వరదయై వచ్చి లంకలను ముంచినది. 1996 నవంబరులో తుపానుతో కలిసి వచ్చి, ప్రాణములను, లక్షలకొలది కొబ్బరిచెట్లను పొట్టబెట్టుకొన్నది. అయినను మనవారు మరల మొక్కలు నాటిరి, గట్లు కట్టిరి, దీవిని విడిచిపోలేదు.

విద్యార్థులారా! మీ యింటికి చుట్టములు వచ్చి “ఇచట చూడదగిన దేమి?” అని యడిగినచో, గుడికి త్రోవ చూపుడు, పూతరేకులు పెట్టుడు. ఆ పిమ్మట వారిని కాలువ గట్టునకు తోడ్కొనిపొండు. ఆ గట్టున నిలిచినప్పుడు మీరు తల వంచుకొనవలసిన యవసరము లేకుండ, ఆ నీటిని నేటినుండియే కాపాడుడు.