అల్లాయ్ వీల్స్ రంగు లేచిపోతే వారంటీ వస్తుందా? డీలర్ కాదంటే ఎక్కడికి వెళ్లాలి?

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారి దాదాపు 120 కిలోమీటర్లు. బొగ్గు లారీలు, గోదావరి ఇసుక టిప్పర్లు, అడవి దాటేటప్పుడు రోడ్డు అంచున కంకర. ఈ దారిలో రోజూ తిరిగే కారు చక్రాలు కొత్తవాటిలా ఉండటం కష్టమే. కానీ లక్షలు పోసి కొన్న లగ్జరీ కారు అల్లాయ్ వీల్స్‌ మీద ఏడాది తిరగకుండానే పొక్కులు వచ్చి, రంగు పెచ్చులుగా లేస్తే? సర్వీస్ సెంటర్‌లో ఎక్కువగా వినిపించే జవాబు ఒకటే: "ఇది బయటి డ్యామేజీ సార్, వారంటీలోకి రాదు."

ఆ మాట కొన్నిసార్లు నిజమే. కొన్నిసార్లు కాదు. తేడా ఎలా తెలుసుకోవాలి? కాదంటే ఎవరిని అడగాలి?

వారంటీ దేనికి?

వారంటీ అంటే తయారీ లోపానికి కంపెనీ ఇచ్చే హామీ. వాడిన లోహంలోనో, రంగు వేసిన పనిలోనో లోపం ఉంటేనే అది వర్తిస్తుంది. రాళ్లు తగలడం, గుంతలో పడటం, డివైడర్‌కు రాసుకోవడం, యాసిడ్ కలిసిన క్లీనర్లతో కడగడం వంటివి సాధారణంగా మినహాయింపుల జాబితాలో ఉంటాయి.

రాయి తగిలితే చిన్న చుక్కలా రంగు ఊడి లోహం కనిపిస్తుంది. డివైడర్‌కు రాసుకుంటే రిమ్ము అంచున గీతలు పడతాయి. దెబ్బ ఏమీ లేని చోట లోపలి నుంచి పొక్కు లేవడం, పైపూత కింద తెల్లటి దారాల్లా పాకడం, రెండు మూడు చక్రాల్లో ఒకే చోట అలాగే కావడం... ఇవి తయారీ లోపాన్ని అనుమానించాల్సిన గుర్తులు. అయితే రాయి దెబ్బ నుంచి తేమ లోపలికి వెళ్లినా ఇలాంటి తెల్ల మచ్చలే వస్తాయి. డీలర్ వాదన సాధారణంగా అక్కడే మొదలవుతుంది. అందుకే మచ్చ చిన్నగా ఉన్నప్పుడే ఆధారం దాచుకోవాలి.

ముందుగా ఏం చేయాలి?

- పగటి వెలుగులో నాలుగు చక్రాల ఫొటోలు, తేదీ తెలిసేలా తీయండి.
- వారంటీ పుస్తకంలో చక్రాలు, రంగు, తుప్పు గురించి ఏం రాశారో చదవండి. రంగుకు వేరే గడువు ఉండొచ్చు.
- జాబ్ కార్డులో "వీల్ చెకింగ్" అని కాకుండా "దెబ్బ లేని చోట రంగు లేస్తోంది" అని స్పష్టంగా రాయించండి.
- కుదరదంటే కారణంతో సహా రాతపూర్వకంగా అడగండి. కంపెనీకి ఈమెయిల్ పంపండి.
- విషయం తేలేవరకు బయట రంగు వేయించొద్దు. వేయిస్తే ఆధారం పోయినట్టే.

అప్పటికీ స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఇది రాజీ ప్రయత్నమే తప్ప తీర్పు కాదు.

ఏ కమిషన్‌కు వెళ్లాలి?

చాలామంది పొరబడేది ఇక్కడే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఏ కమిషన్ అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, వస్తువుకు మీరు చెల్లించిన ధరను బట్టి తేలుతుంది. 50 లక్షల వరకు జిల్లా కమిషన్, ఆపై 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్. అంటే 40 లక్షల కారైతే జిల్లా స్థాయిలోనే కేసు వేయొచ్చు. 60 లక్షల కారైతే ఒక్క చక్రం గురించైనా హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌కే వెళ్లాలి.

ఈ పద్ధతిని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో సమర్థించింది. ఆ కేసూ కారుదే. దాదాపు 31 లక్షల కారు మంటల్లో కాలి భర్తను కోల్పోయిన మహిళ 50 కోట్లకు పైగా పరిహారం కోరినా, కారు ధరను బట్టి జిల్లా కమిషన్‌కే వెళ్లాల్సి వచ్చింది.

డీలర్ హైదరాబాద్‌లో ఉన్నా మీరు నివసించే ప్రాంతంలో ఫిర్యాదు చేసే వీలు ఈ చట్టం ఇచ్చింది. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా దాఖలు చేయొచ్చు. ధర 20 లక్షల నుంచి 50 లక్షల మధ్య ఉంటే ఫీజు 1,000 రూపాయలు, 50 లక్షలు దాటి కోటి వరకు 2,000. గడువు రెండేళ్లు. కంపెనీతో ఉత్తరాలు నడుస్తున్నాయని గడువు ఆగదు.

కారు సంస్థ పేరు మీద ఉంటే? డైరెక్టర్ సొంత వాడకానికి కొన్నదైతే, కంపెనీ పేరుతో కొన్నంత మాత్రాన అది వ్యాపార అవసరం కాబోదని 2024 జులైలో సుప్రీంకోర్టు ఒక మెర్సిడెస్ కేసులో చెప్పింది.

కొత్త కారు ఇస్తారా?

చక్రం కోసం ఇవ్వరు. లోపం ఉన్న భాగాన్ని మార్చడమే వారంటీ బాధ్యత అని 2006లో మారుతి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి చక్రం మార్పిడి, రాకపోకల ఖర్చు, తగిన పరిహారం అడగడమే మేలు. లోపం కంటికి తేలకపోతే కమిషన్ ల్యాబ్ పరీక్షకు పంపగలదు.

హైదరాబాద్ కేసొకటి గుర్తుంచుకోవాలి. 2009 సెప్టెంబరులో ఒక సంస్థ కొన్న బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో కొద్ది రోజులకే సమస్య వచ్చింది. కొన్నవారు క్రిమినల్ కేసు పెట్టారు. 2012లో హైకోర్టు ఆ కేసు కొట్టేసి, కొత్త కారు ఇవ్వమంది. కంపెనీ సిద్ధపడినా కొన్నవారు డబ్బే కావాలన్నారు. 2024 జులైలో సుప్రీంకోర్టు 50 లక్షలు చెల్లించమని ముగించింది. అప్పటికి దాదాపు 15 ఏళ్లు గడిచాయి.

తయారీ లోపం కాకపోతే?

ప్రమాదంలో చక్రం దెబ్బతింటే సొంత నష్టం బీమా ఉంది. 1500 సీసీ దాటిన కారుకు 2,000 రూపాయలు మీరే భరించాలి, నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. చిన్న గీతకు లెక్క వేసుకుని అడగండి. మామూలు అరుగుదలకు బీమా రాదు. టైరు మార్చేటప్పుడు వర్క్‌షాపులో గీత పడితే అది వారంటీ విషయం కాదు, సేవాలోపం. చక్రం బిగించి ఇచ్చినప్పుడే చూసుకుని, బండి తీయకముందే బిల్లు మీద రాయించాలి.

ఇవన్నీ లగ్జరీ కార్లకే పరిమితం కాదు. లక్ష రూపాయల బైక్‌కూ ఇదే చట్టం. పైగా 5 లక్షల లోపు వస్తువుకు జిల్లా కమిషన్‌లో ఫీజే లేదు.