సొరంగం బయట మనం

2023 నవంబరు 12, దీపావళి తెల్లవారుజామున ఉత్తరకాశీ జిల్లాలో సిల్క్యారా సొరంగం కూలింది. లోపల 41 మంది. ఆ 17 రోజులూ దేశమంతా టీవీల ముందే ఉంది. ఎన్ని మీటర్లు తవ్వారు, ఇంకెన్ని మిగిలాయి అని టీకొట్ల దగ్గర కూడా లెక్కలే. ఆగర్ యంత్రం విరిగిపోయాక ర్యాట్‌హోల్ కార్మికులు ఇరుకు గొట్టంలో పాక్కుంటూ వెళ్లి, ఆఖరి మీటర్ల మట్టిని చేతులతో తోడేశారు. అందరూ బతికొచ్చారు. ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం ఆ రాత్రి మనం కార్చిన కన్నీరు నిజమైనదే.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలింది. ఎనిమిది మంది చిక్కుకున్నారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్‌ల నుంచి మన పొలాలకు నీళ్లు తేవడానికి వచ్చినవాళ్లు. సింగరేణి రెస్క్యూ దళాలు దిగాయి. సిల్క్యారాలో పనిచేసిన ర్యాట్‌హోల్ కార్మికులూ వచ్చారు. సుమారు 14 కిలోమీటర్ల లోపల బురద, ఊరే నీరు, నుజ్జయిన ఇనుము. మార్చి 9న ఒక దేహం, 25న మరొకటి దొరికాయి. ఏప్రిల్లో గాలింపు ఆగేనాటికి మిగతా ఆరుగురి జాడ లేదు.

అప్పటికే మనం వేరే వార్తల్లోకి వెళ్లిపోయాం. నన్ను ఇప్పటికీ కలచివేసేది అదే. బతికొస్తారన్న ఆశ ఉన్నన్నాళ్లే మన చూపు అక్కడ నిలిచింది. చివరిచూపుకూ నోచుకోని ఆ ఇళ్లవాళ్ల ఎదురుచూపు మాత్రం ఆగలేదు.

భూగర్భ కార్మికుల గురించిన ఈ సంచికను ఆ ఆరుగురి కుటుంబాలకు అంకితమిస్తున్నాం.