కనబడక పోవు నీరు



వరాహమిహిరాచార్యుల బృహత్సంహితలో దకార్గలమను అధ్యాయ మొకటి కలదు. ఏ వృక్షమునకు ఏ దిక్కున పుట్ట యున్నచో భూమిలో నెంత లోతున జల ముండునో, త్రవ్వునపుడు ఏ రంగు మన్ను, ఎట్టి కప్ప కనబడునో అందు వివరింపబడినది. చిన్నతనమున మా తండ్రిగారు దానిని నాచేత చదివించునపుడు, బావి త్రవ్వువారికే కాని వంటయింటి స్త్రీకి దీనితో నేమి పనియని తలచుచుంటిని. గడచిన వేసవిలో మా యింటి గచ్చుక్రింద పోవుచున్న నీటిని వెదకవలసి వచ్చినపుడు ఆ యధ్యాయమే జ్ఞప్తికి వచ్చినది. ఆచార్యులు నీరు లేని దేశమున నీటిని వెదకుటకు గుర్తులు చెప్పిరి. ఉండరానిచోట నున్న నీటిని పట్టుకొనుటకును గుర్తులే శరణ్యము.

కుళాయి బొట్టుబొట్టుగా కారుచున్నచో చెవికి వినబడును, కంటికి కనబడును. వాషరు మార్పించిన మానును. ఆ సంగతి యందఱు నెఱిగినదే. గోడలోపల, గచ్చుక్రింద, మిద్దెపైన మనకు తెలియకుండ పోవు నీటిని గూర్చియే యీ మాసమున వ్రాయుచున్నాను.

మా మిద్దెమీది ట్యాంకు 1000 లీటర్లది. ఇంటిలో నలుగురము. దినమున కొక్కమాఱు మోటారు వేసిన చాలునట్టిది, మాఘమాసము మొదలుకొని రెండుమార్లు వేయవలసి వచ్చెను. విద్యుత్తు బిల్లును పెరిగెను. దీనికి నాకు మొదట తోచిన కారణము మా పనిమనిషి. పెరటిలో అంట్లు తోముకొనునపుడు కుళాయి విప్పి మఱచుచున్నదని గట్టిగానే మందలించితిని. ఆమె, "నేను పంపు కట్టేసే వెళుతున్నానమ్మగారూ. ఆ అరుగు పక్క గచ్చు ఇంత ఎండల్లోనూ చల్లగా కాలికి తగులుతోంది. ఒకసారి చూడండి" అనెను. నేను దానిని సాకుగా తలచితిని. మఱి రెండు మూడు దినములు అదే మాట యెత్తి సాధింపగా, ఆమె ఆ నెల జీతము తీసికొని మానివేసెను. ఆఱేండ్లుగా మా యింట పనిచేసిన మనిషి. పిమ్మట పదునైదు దినములు అంట్లు నేనే తోముకొంటిని. ట్యాంకు మాత్రము ఎప్పటివలెనే తెల్లవాఱునప్పటికి తగ్గుచుండెను.

ఇంక ననుమానించుటకు మనుష్యు లెవ్వరును మిగులలేదు గనుక నీటినే యనుమానించితిని.

రాత్రి పది గంటలకు, అందఱును పడుకొనబోవునపుడు, ఇంటిలోని కుళాయిలన్నియు కట్టి, ట్యాంకులో వెదురుకఱ్ఱ యొకటి అడుగంటునట్లు నిలువుగా దింపించి, నీటిమట్టమున గుర్తు పెట్టించితిని. ఉదయ మైదు గంటలకు చూడగా మట్టము 11 సెంటీమీటర్లు దిగియుండెను. మాది గుండ్రని ట్యాంకు. దాని యడ్డుకొలత 110 సెంటీమీటర్లు. లెక్క వేసి చూడగా, మట్టము సెంటీమీటరు తగ్గిన తొమ్మిదిన్నర లీటర్లు పోయినట్లు తేలినది. అనగా ఏడు గంటలలో 104 లీటర్లు. దినమునకు ఇంచుమించు 350 లీటర్లు. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ పథకమున పల్లెలలో మనిషి కొక్కనికి దినమునకు 55 లీటర్ల కుళాయినీరు చేర్పవలెనని నిర్ణయించిరి. ఆ లెక్కను ఆఱుగురికి చాలు నీటిని మా గచ్చు త్రాగుచుండెను.

రెండవనాటి రాత్రి ట్యాంకు మొదట నున్న వాల్వు కట్టించి యదే పరీక్ష చేసితిమి. మట్టము తగ్గలేదు. కావున ట్యాంకునకు పగులు లేదు. దోషము గొట్టములలోనే యున్నది. మా యింట స్నానాలగదులకు ఒక గొట్టము, వంటయింటికిని పెరటికిని ఒక గొట్టము వేఱువేఱు వాల్వులతో దిగుచున్నవి. మూడవ రాత్రి మొదటిది కట్టి రెండవదానిని విప్పి యుంచితిమి, మట్టము తగ్గెను. నాలుగు రాత్రులు వ్యర్థముగా మేలుకొంటినని మావారు నవ్విరి గాని, ప్లంబరు వచ్చి ఇల్లంతయు త్రవ్వకుండ కాపాడినవి ఆ రాత్రులే. మీ యింట నొక్క వాల్వే యున్నచో, ఫ్లష్ ట్యాంకులకును చేతులు కడుగు బేసిన్లకును క్రిందనుండు చిన్న వాల్వులను రాత్రి కొకటిగా కట్టి చూడవచ్చును. ఆలస్యమగును, అయినను గడ్డపాఱ కంటె మేలు.

మునిసిపాలిటీ మీటరు గల యిండ్లవారు, నీరు వాడనపుడు మీటరులోని చిన్నచక్రము తిరుగుచున్నదేమో చూడుమని చెప్పుట విందురు. అది నిజమే కాని మన యిండ్లలో దానితో సగము పనియే యగును. వీథిగొట్టము నుండి సంపులోనికి వచ్చు నీటినే మీటరు కొలుచును. అట నుండి మోటారుతో మిద్దె కెక్కి క్రిందికి దిగు నీటి సంగతి దానికి తెలియదు. కావున, సంపులోనికి నీరు పడకుండ కట్టి, వీథిలో నీరు వచ్చు వేళ నొక యరగంట మీటరు చూడవలెను. చక్రము తిరిగిన మీటరునకును సంపునకును నడుమ దోషము కలదు. సంపునకు వేఱుగా కఱ్ఱపరీక్ష చేయవలెను. ఆఱడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గల సంపులో అంగుళము నీరు తగ్గిన 70 లీటర్లు పోయినట్లు. పగిలిన సంపునుండి నీరు బయటికి పోవుటయే కాదు, ప్రక్కనున్న మురుగుకాలువ నీరు లోపలికిని రాగలదు. ఈ రెండవదానికే నే నెక్కువ భయపడుదును.

వీథిగొట్టపు మాటయు నట్టిదే. మన ఊళ్లలో పెక్కింట నీరు దినమున కొన్ని గంటలే వచ్చును. నీరు పాఱునంతసేపు పగులునుండి బయటికి చిమ్మును. నీరు ఆగి గొట్టము ఖాళీ యైనపుడు చుట్టునున్న బురదనీటిని అదే పగులు లోపలికి పీల్చుకొనును. నీరు వచ్చిన తొలి కొన్ని నిమిషములు రంగు మాఱియున్నను, కంపు కొట్టుచున్నను, గొట్టము ఎచ్చటనో పగిలెనని తలచి నీటి శాఖవారికి తెలుపవలెను. ఆ నీటిని త్రాగుటకు పట్టరాదు.

ఇంక గోడల సంగతి. చెమ్మ కనబడినంతనే గొట్టము పగిలినదని గోడ కొట్టింపరాదు. చెమ్మ నాలుగు విధముల వచ్చును. పునాదిలో తేమ నాపు పట్టీ లేని పాత యిండ్లలో నేలలోని తేమ ఇటుకలగుండ పైకెక్కును. అది గోడ పొడవునను రెండు మూడడుగుల యెత్తువఱకు ఒకే వరుసగా పాకి, అంచున తెల్లని యుప్పు పూయును. వర్షపు చెమ్మ వానతో వచ్చి యెండతో తగ్గును. గాలిలోని ఆవిరి చల్లనిగోడకు తాకి నీరగుట మూడవది. ఇది కిటికీలు లేని స్నానాలగదులలోను, బీరువాల వెనుకను తఱచు. నాలుగవది గొట్టపు చెమ్మ. రోహిణికార్తెలో సైతము ఆఱక, గోడ నడుమ మచ్చవలె మొదలై నలుప్రక్కల వ్యాపించుచున్నచో దానిని గొట్టపు చెమ్మగా అనుమానింపవలెను. రంగు బుడగలవలె ఉబ్బుట, సున్నము పెచ్చులూడుట, బూజు నల్లని చుక్కలుగా లేచుట, బట్టలబీరువాలో ముక్కిన వాసన, గోడబయట గొట్టము ప్రక్కన పచ్చని పాచియో రావిమొలకయో పుట్టుట, స్నానాలగదిలో రోకలిబండలు, బొద్దింకలు హఠాత్తుగా మిక్కుటమగుట మొదలైనవి తక్కిన గుర్తులు. గచ్చుపలకలను వ్రేలిముడితో తట్టగా ఒక్కచోటనే డొల్లధ్వని వచ్చినను, అచ్చట క్రింది మన్ను కొట్టుకొనిపోయెనేమో చూడవలెను. పలక సరిగా అంటించనప్పుడును ఆ ధ్వని వచ్చును గనుక దానినొక్కదానినే నమ్మరాదు.

ఆవిరి చెమ్మయా, గోడలోని చెమ్మయా అని సందేహ మున్నచో, గోడను పొడిబట్టతో తుడిచి, పలుచని ప్లాస్టిక్ కాగితమును నాలుగంచుల అంటించి రెండు దినము లుంచుడు. కాగితము పైభాగమున నీటిబిందువులు పట్టిన గదిలోని ఆవిరి కారణము. కిటికీ తెఱచిన చాలును. గోడవైపున పట్టిన, తేమ గోడలోనుండి వచ్చుచున్నది.

మంచినీటి గొట్టమా, మురుగునీటి గొట్టమా యనునది వేఱొక ప్రశ్న. ఎప్పుడును తడి యారనిచో మంచినీటిది. స్నానములు చేసినపిమ్మట మాత్రమే తడిసి మధ్యాహ్నమునకు కొంత యెండినచో మురుగునీటిది, లేదా పలకల సందులది. పై యంతస్తువారికిని క్రింది యంతస్తువారికిని కలహములు పుట్టించునది ఈ రెండవదే. పైవారు "మా గొట్టములు బాగున్నవి" అందురు. వారి మాట నిజమే కావచ్చును, దోషము పలకల సందులలో నుండవచ్చును. స్నానాలగది తూమును గుడ్డతో బిగించి, అంగుళము నీరు నిలిపి, ఒక దినము చూచిన వివాదము తేలును. ఆ నీటిలో కొంచెము బట్టల నీలిమందు కలిపిన క్రింది కప్పున దిగు నీటి రంగే సాక్ష్యము చెప్పును.

మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకునకును నీలిమందే ఔషధము. ట్యాంకులో నీలిమందు కలిపి అరగంట ఎవ్వరును వాడకుండ నుంచుడు. క్రింది గిన్నెలోనికి నీలము దిగినచో లోపలి రబ్బరుబిళ్ల అరిగినదని యర్థము. ఇది నిశ్శబ్దముగా దినమంతయు పోవు నీరు, మార్పు స్వల్పవ్యయము. మిద్దెమీది ట్యాంకు తేలుబంతి చెడి పొర్లుగొట్టమునుండి నీరు మిద్దె వాలున పోవుచున్నదేమో నెలకొకమాఱు పైకెక్కి చూచుకొనుడు. వంటయింటి తొట్టిక్రింది యలమరలోను, మంచినీటి యంత్రము వెనుక సన్నగొట్టము చుట్టును చేతితో తడిమి చూచిన చాలును.

ఒక్క హెచ్చరిక మాత్రము విస్తరించి చెప్పవలసి యున్నది. తడిగోడలో స్విచ్చుబోర్డున్నచో దానిని ముట్టరాదు. ముందు మీటరువద్ద మెయిను ఆపి, పిదప తక్కినది. తడిసిన గోడ విద్యుత్తును ప్రసరింపజేయును. వేడినీటి గీజరు గల స్నానాలగదులలో మఱింత జాగ్రత్త వలెను. కాంక్రీటు కప్పున చెమ్మ దిగుచున్నచో దానిపై రంగు వేయించి మఱుగుపఱుపకుడు. లోపలి యినుపకమ్ములు త్రుప్పు పట్టును. త్రుప్పు ఇనుముకంటె చాల యెక్కువ చోటు ఆక్రమించును గనుక కాంక్రీటును పగులగొట్టి పెచ్చులుగా రాల్చును. ఉయ్యెలమీద నున్న బిడ్డపై పెచ్చు రాలనంతవఱకు అది శోభకు సంబంధించిన విషయమని యనుకొనువారు కలరు. ఉబ్బసము గల పిల్లలు పండుకొను గదిలో బూజు పట్టిన గోడను సైతము నిర్లక్ష్యము చేయరాదు.

మా యింటి కథకు వచ్చెదను. ఏ గొట్టమో తేలినది గాని ఏ చోటో తేలలేదు. రాత్రివేళ రోకలి యొక చివర వంటయింటి కుళాయికిని, రెండవ చివర చెవికిని ఆనించి వింటిని, పిల్లలు నవ్విరి. సన్నగా "సుయ్"మను ధ్వని వినబడెను. పెరటి కుళాయివద్ద అది హెచ్చెను. నీటిశాఖలలో పనివారును ఇట్టి కఱ్ఱతోనే వినుట కలదు. మిద్దెమీది ట్యాంకునుండి దిగు నీటికి ఒత్తిడి తక్కువ గనుక ధ్వని మిక్కిలి మెల్లగా నుండును. ఇంటిలో ఫంకాలు సైతము ఆపి వినవలెను. తెల్లవాఱుజామున చెప్పులు విడిచి గచ్చుమీద నడచితిని. అరుగు ప్రక్కన మూడు పలకలు తక్కినవానికంటె చల్లగా కాలికి తగిలెను.

ప్లంబరు వచ్చి ఆ పలకలే యెత్తెను. క్రింద జింకుపూత గల పాత యినుపగొట్టపు మలుపు త్రుప్పుతిని, పెసరగింజంత రంధ్రము పడియుండెను. ఇసుకనేల గనుక నీరు పైకి రాక లోనికే యింకినది. ఆ వరుస గొట్టమంతయు ప్లాస్టిక్‌దిగా మార్పించితిమి.

ఆ సాయంకాలము నేను పనిమనిషి యింటికి వెళ్లితిని. ఆమె వేఱొక యింట కుదిరియుండెను. జరిగినది చెప్పి, నా మాటలకు క్షమింపుమంటిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిదప, "అరుగు పక్కనేనా అమ్మగారూ?" అని యడిగెను. ఔనంటిని. "నేను అప్పుడే చెప్పాను గదమ్మా" అనెను. ఆ యింటివారికి మాట యిచ్చితినని చెప్పి, మా యింట తిరిగి కుదురుట కొప్పుకొనలేదు. పండుగలకు మాత్రము వచ్చి పోవుచున్నది.

వచ్చు మాసమున సంపును, మిద్దెమీది ట్యాంకును కడుగు విధమును గూర్చి వ్రాసెదను.