అన్నిటికీ వేడే కారణమా?

గేమ్ ఆడుతుండగా ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోతోందని ఎవరితో అన్నా తీర్పు సిద్ధంగా ఉంటుంది: "హీటెక్కింది. ఫార్మాట్ కొట్టించి, కింద కూలింగ్ ప్యాడ్ పెట్టుకో." మన ఎండలు తెలిసినవాళ్లకి ఈ మాట ఇట్టే నమ్మబుద్ధవుతుంది. మే నెల్లో రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ లేని గదిలో ఆడేవాడికి వేరే కారణం వెతకాలనే అనిపించదు. కానీ ఈ తీర్పులో మొదటి ముక్క చాలాసార్లు తప్పు. రెండో ముక్క తప్పే కాదు, నష్టం కూడా.

వేడెక్కిన ప్రాసెసర్ ముందు నెమ్మదిస్తుంది, ఆరిపోదు. ఇప్పటి గేమింగ్ ల్యాప్‌టాప్ చిప్‌లలో చాలావాటికి హద్దు 95 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. అది తగలగానే చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఫ్రేములు పడిపోతాయి, ఫ్యాన్లు రొద పెడతాయి, ఆట ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఫ్యాన్ తిరగడం మానేసో, హీట్‌సింక్ వదులయ్యో వేడి ఇంకా పైకి పోతే, అప్పుడు మెషీన్ తనను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. అలాంటివీ ఉంటాయి, కాదనను. కానీ 75 డిగ్రీల దగ్గర, ఏ మందగింపూ లేకుండా ఠక్కున ఆరిపోయినదాన్ని కూడా వేడి ఖాతాలో రాసేస్తే అది పరీక్ష కాదు, ఊహ.

ఇక ఫార్మాట్. పంచనామా కాకుండానే చితికి నిప్పు పెట్టడం లాంటిదిది. విండోస్ చాలా క్రాష్‌లకు ఆనవాలు వదులుతుంది. స్టార్ట్ మెనూలో 'రిలయబిలిటీ హిస్టరీ' అని వెతికితే ఏ రోజు ఏది కూలిందో ఎర్ర గుర్తులతో కనిపిస్తుంది. బ్లూ స్క్రీన్ వచ్చి ఉంటే సాధారణంగా విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్‌లో ఒక ఫైలు ఉంటుంది. ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్ పవర్ 41' కనిపించగానే "అడాప్టర్ పోయింది" అని తేల్చేవాళ్లున్నారు. 41 చెప్పేది ఒక్కటే: మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మళ్లీ లేచింది. అసలు సంగతి దాని లోపలి వివరాల్లో ఉంటుంది. బగ్‌చెక్ కోడ్ సున్నా అయితే కరెంటు తెగి ఉండాలి, లేదా మెషీన్ బిగుసుకుపోయి ఉండాలి. పవర్ బటన్ సమయం నమోదై ఉంటే మనమే దాన్ని నొక్కి పట్టుకున్నాం. బగ్‌చెక్ కోడ్ 278 అని ఉంటే అది బ్లూ స్క్రీన్ల పట్టికలో (హెక్సాడెసిమల్ లెక్కలో) 116, అంటే గ్రాఫిక్స్ డ్రైవర్ స్పందన ఆగిపోయి, మళ్లీ లేపబోయినా లేవలేదని. అది చూసి "కార్డు పోయింది" అనడం కూడా తొందరే. ముందు డ్రైవర్‌ను పూర్తిగా తీసేసి కొత్తగా వేయాలి.

పైకి కనిపించే సందేశం ఎంత దారి తప్పిస్తుందో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల ఉదంతం చూపించింది. అన్‌రియల్ ఇంజిన్ ఆటలు తెరవగానే "వీడియో మెమరీ చాలడం లేదు" అంటూ కూలిపోయేవి. కార్డులో మెమరీ దండిగా ఉన్నా అదే సందేశం. జనం గ్రాఫిక్స్ కార్డునే తిట్టుకున్నారు, డ్రైవర్లు మార్చుకున్నారు. దోషి ప్రాసెసర్. అది అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోందని, దానికి మైక్రోకోడ్‌లోని లోపం కారణమని 2024 జులైలో ఇంటెల్ ఒప్పుకుంది. తర్వాత వారంటీని రెండేళ్లు పొడిగించింది, సెప్టెంబరుకల్లా బయాస్ ద్వారా సవరణలు పంపింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఆ సవరణ బాగుచేయలేదు, మార్పించుకోవాల్సిందే. ల్యాప్‌టాప్ చిప్‌లకు ఈ లోపం లేదని ఇంటెల్ అంటుంది. అలాగే కానీండి. కానీ ఆ రోజుల్లో ఫార్మాట్ కొట్టించుకున్నవాడికి ఏం ఒరిగింది?

వేడి తగ్గించాలన్న ఆత్రమే కొన్ని క్రాష్‌లకు మూలం. వీడియోలు చూసి అండర్‌వోల్ట్ చేస్తారు. వోల్టేజీ మరీ దించితే చిప్ తడబడుతుంది, లాగ్‌లో 'WHEA-Logger' ఎర్రర్లు పడతాయి. ఉష్ణోగ్రత మాత్రం చల్లగా, ముచ్చటగా ఉంటుంది! వేడితో సంబంధం లేని స్వయంకృతాలూ ఉన్నాయి. కొందరు పాత ర్యామ్ పక్కన వేరే కంపెనీది కలుపుతారు, మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్ ఒక్క రాత్రి నడపరు. 230 వాట్ల అడాప్టర్ బరువని 65 వాట్ల టైప్-సి చార్జర్ తగిలించి ఆడతారు. బ్యాటరీ బాగున్నంతసేపు అదే లోటు పూడుస్తుంది, అరిగిన బ్యాటరీ అయితే చేతులెత్తేస్తుంది.

"ఫార్మాట్ చేశాక బాగైందిగా" అనేవాళ్లకు జవాబు: కొన్నిసార్లు అవుతుంది, డ్రైవర్లు కొత్తవి పడతాయి కనుక. ఆ డ్రైవర్ ఒక్కటే మారిస్తే గంటలో పోయేదానికి ఫొటోలు, ఆటల సేవ్‌లు అన్నీ పోగొట్టుకున్నారు. బాగు కాకపోతే చిక్కు ఇంకా పెద్దది. వారంటీలో ఉన్న మెషీన్‌ను డిస్క్ ఖాళీ చేసి సర్వీస్ సెంటర్‌కు పట్టుకెళ్తే, వాళ్లు అరగంట ఆన్ చేసి చూసి "మా దగ్గర బాగానే ఉంది" అని తిరిగి చేతిలో పెడతారు. మినీడంప్ ఫైళ్లు, లాగ్‌లో ఆ సమయాలు పెన్‌డ్రైవ్‌లో ఉంటే ఆ మాట అంత సులువుగా అనలేరు.