మంచు కొండలకు టూర్ వెళ్తున్నారా? అలర్ట్ వచ్చినా కదలకపోతే ప్రాణాలకే ముప్పు!

కోరుకొండ: కోరుకొండలో కొండ అంటే నరసింహస్వామి గుడి మెట్లే గుర్తొస్తాయి. ఎంత నిటారుగా ఉన్నా అది రాతి కొండ. హిమాలయాల్లో అలా కాదు. నిన్న నడిచిన దారే ఇవాళ మీద పడొచ్చు. మనాలి, గుల్మార్గ్, బద్రీనాథ్ టూర్లు ప్లాన్ చేసుకునే గోదావరి జిల్లాల వాళ్లు తెలుసుకోవాల్సిన విషయం ఇదే.

మానాలో ఏం జరిగింది?

2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ దగ్గర మానాలో మంచు చరియలు విరిగిపడ్డాయి. సరిహద్దు రోడ్ల పనుల్లో ఉన్న 54 మంది కార్మికులు చిక్కుకున్నారు. 46 మందిని కాపాడారు, 8 మంది చనిపోయారు. చండీగఢ్‌లోని డీఆర్‌డీఓ ల్యాబ్ డీజీఆర్ఈ ముందురోజే ఆ జిల్లాకు అలర్ట్ ఇచ్చింది. కానీ కార్మికులు మాత్రం కంటైనర్లలోనే ఉన్నారు. అంటే హెచ్చరిక లేక కాదు, హెచ్చరిక వచ్చాక మనుషుల్ని కదిలించకపోవడం వల్లే నష్టం జరిగింది.

మంచు ఎందుకు జారుతుంది?

ఆత్రేయపురం పూతరేకులు తలచుకోండి. రేకుకీ రేకుకీ మధ్య పంచదార ఉంటుంది కదా! కొండమీద మంచు కూడా అలాగే పొరలు పొరలుగా పడుతుంది. ఒక్కోసారి మధ్య పొర పంచదార పలుకుల్లా పొడిపొడిగా మారిపోతుంది, పై పొరను పట్టి ఉంచలేదు. దానిపై కొత్త మంచు పడినా, గాలి మంచును తెచ్చి పోసినా బరువు పెరుగుతుంది. అప్పుడు ఒక్క మనిషి బరువు చాలు, పై పొర మొత్తం పలకలా విరిగి జారుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే ఈ ముప్పు ఎక్కువ.

స్కీయర్లు చిక్కుకునే ప్రమాదాల్లో దాదాపు 90 శాతం సందర్భాల్లో మంచును కదిలించేది వాళ్లో, వాళ్ల టీమ్‌లోని వాళ్లో. గుల్మార్గ్‌లో 2023 ఫిబ్రవరి 1న ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ మంచు చరియల కింద ప్రాణాలు కోల్పోయారు.

'మధ్యస్థం'తోనే మోసం

చాలా దేశాల్లో ముప్పును 5 స్థాయుల్లో చెబుతారు. 4, 5 అంటే జనం ఆగిపోతారు. 3 అంటే 'ఫర్వాలేదులే' అనుకుని వెళ్తారు. అందుకే చాలా మరణాలు 3వ స్థాయి ఉన్న రోజుల్లోనే జరుగుతున్నాయి.

మనం ఏం చేయాలి?

* భారీగా మంచు కురిశాక ఒకట్రెండు రోజులు వాలుల వైపు వెళ్లొద్దు.
* కాలి కింద 'ధబ్' మని శబ్దం వచ్చినా, మంచులో పగుళ్లు కనిపించినా వెంటనే వెనక్కి రావాలి.
* అనుమానం ఉన్న వాలును ఒక్కొక్కరుగా దాటాలి. వాలు కింద ఆగి సెల్ఫీలు వద్దు.
* ట్రాక్ బయట స్కీయింగ్‌కు లోకల్ గైడ్, సిగ్నల్ ఇచ్చే ట్రాన్సీవర్, వెతికే కర్ర, పార తప్పనిసరి. మంచులో కూరుకుపోయిన మనిషిని 10-15 నిమిషాల్లో తీస్తేనే బతికే అవకాశం ఎక్కువ. రెస్క్యూ టీమ్ వచ్చేదాకా ఆ టైమ్ ఉండదు.

ఈ ముప్పు మనకు కొత్త కాదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మంచు కింద పడి అమరులైన 10 మంది జవాన్లలో అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన ముస్తాక్ అహ్మద్ ఒకరు. జవాన్లకు అక్కడ డ్యూటీ తప్పదు. టూరిస్టుకు మాత్రం ఆగిపోయే అవకాశం ఉంది. టికెట్ డబ్బులు పోతే పోనీ, అలర్ట్ ఉన్న రోజు హోటల్ గది దాటకపోవడమే తెలివైన పని.