వాడని డేటాకు డబ్బెందుకు?

సంపాదకులకు,

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు వెనకబడిపోతారంటూ గత వారం మీరు ప్రచురించిన వ్యాసానికి ఇది నా స్పందన. యూపీఐ, ఆన్‌లైన్ టికెట్లు ఎంతో సమయం మిగులుస్తున్న మాట నిజమే. కానీ ఖర్చు ఊసే రచయిత ఎత్తలేదు.

మా అమ్మకు కీప్యాడ్ ఫోన్ చాలు. పిల్లలతో మాట్లాడాలి, బ్యాంకు మెసేజీ అందాలి, అంతే. ఆమె వాడని డేటాకు ఏళ్ల తరబడి డబ్బు కట్టాం. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు చార్జీలు పెంచాక భారం ఇంకా పెరిగింది. ఇలాంటివారి కోసమే అదే ఏడాది డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు సవరించింది. కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే పరిమితమైన ప్యాక్ కనీసం ఒకటైనా అమ్మాలంది. ప్రత్యేక వోచర్ల గడువును 90 రోజుల నుంచి 365 రోజుల దాకా పెంచుకోనిచ్చింది.

చెల్లింపులకూ దారి ఉంది. రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ప్రారంభించిన యూపీఐ 123పే ఇంటర్నెట్ లేని కీప్యాడ్ ఫోన్లలోనూ పనిచేస్తుంది. దీన్ని బ్యాంకు సిబ్బందే ఖాతాదారులకు నేర్పాలి.

అవసరానికి తగ్గ ఫోన్ వాడటం వెనకబాటు కాదు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌కు ఈసారి రీఛార్జి చేయించేటప్పుడు డేటా లేని ప్యాక్ ధర కూడా అడగండి.

– ఒక పాఠకురాలు, తెనాలి